లెక్కలోకి వచ్చిన మనిషి

"శుక్రవారమే ఇచ్చేశాడమ్మా. నీతో చెప్పొద్దన్నాడు గానీ, ఇంత మంచి మాట కడుపులో ఎన్నాళ్లని దాచుకోను?" అంది ఈనిడ్, కోడలి ముందు మొక్కజొన్న జావ గిన్నె పెడుతూ.

ఈవెట్ చేతిలో చెంచా ఆగిపోయింది. "ఏమిచ్చేశాడు?"

"అదే, ఆ జాతి కాగితం. 'నల్లవారు, కరీబియన్' అన్న గడిలో టిక్కు పెట్టి, ఆఫీసులో జీన్ చేతికి స్వయంగా ఇచ్చాడట. ఇరవై రెండేళ్లకి నా కొడుకు మొండిపట్టు వదిలాడు. ఆ మహాతల్లి నువ్వే."

కోడలు లేచి తనని కావలించుకుంటుందనుకుంది ముసలావిడ. అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆ కాగితం గురించి ఈ ఇంట్లో జరిగినన్ని గొడవలు దేని గురించీ జరగలేదు. ఏటా సెప్టెంబరులో బడి ఆఫీసు టీచర్లందరికీ దాన్ని పంచుతుంది. మీరు ఏ జాతివారో ఈ గడుల్లో ఒకటి ఎంచుకోండి అని అడుగుతుంది. అలా పంచేలా పాలకవర్గంతో పోట్లాడి సాధించింది ఈవెటే. పనితీరు చూసి జీతంలో పై స్కేలు ఇస్తున్నామంటున్నారు గదా, అది ఏ రంగువాళ్లకి అందుతోందో, ఏ రంగువాళ్లకి అందడం లేదో లెక్క తియ్యండి అని ఆమె వాదించింది. స్టాఫ్ రూములో ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్లి బతిమాలి నింపించింది. నింపనిది ఒక్కడే. ఆమె మొగుడు.

క్లైవ్‌కి పందొమ్మిదేళ్లప్పుడు వారానికి మూడుసార్లయినా పోలీసులు రోడ్డు మీద ఆపేవారు. జేబులు వెతికి, ఏమీ దొరక్కపోతే, అతని రంగుకి గుర్తుగా ఒక అంకె వేసుకుని పుస్తకం మూసేవారు. తన రంగు తన చేత్తో ఎవరికీ రాసివ్వనని అప్పుడు ఒట్టు పెట్టుకున్నాడు. ఏటా ఆ కాగితం ఖాళీగానే వెనక్కి వెళ్లేది. ఆరడుగుల నల్లవాడు వ్యాయామం టీచరుగా బడంతా తిరుగుతుంటే, బడి లెక్కల్లో మాత్రం అతను 'చెప్పనివారు' అన్న వరసలో ఉండేవాడు.

మొన్న గురువారం ఈవెట్ నోరు జారింది. "పిరికివాడివి. నన్నొక్కదాన్నే ఆ కాగితం మీద నిలబెట్టి పక్కనుంచి చూస్తున్నావు" అంది. శుక్రవారం అతను వెళ్లి టిక్కు పెట్టాడు. మగవాళ్లతో ఇదే చిక్కు. పదేళ్లు చెప్పినా వినరు, వినకూడని రోజు చూసి వింటారు.

"ఎక్కడున్నాడు?" అంది ఈవెట్.

"స్నానం చేస్తున్నాడు. పాట కూడా పాడుతున్నాడు, వినపడడం లేదా?"

వినపడుతోంది. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది.

క్లైవ్ ట్రాక్ సూట్ జిప్పు పైకి లాక్కుంటూ కిందికి వచ్చాడు. తల్లి మొహం చూడగానే అతనికి అర్థమైంది. "చెప్పేశావా అమ్మా? నీకు రహస్యం చెప్పడం, చర్చిలో మైకు పట్టుకుని చెప్పడం ఒకటే."

"మైకు అయితే గరగరమంటుంది. నేను స్పష్టంగా చెప్పాను" అంది ఈనిడ్.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వేయించిన అరటికాయ ముక్క నోట్లో వేసుకుని భార్య వైపు చూశాడు. ఏదో ఒక మంచి మాట కోసం చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"ఏం, మాట పడిపోయిందా? పదహారేళ్ల కాపురంలో ఇదే మొదటిసారి."

"ఎందుకిచ్చావు క్లైవ్?"

"నువ్వేగా అడిగావు."

"నేను అడిగింది మూడేళ్ల కిందట. పోయినేడు కూడా అడిగాను. మొన్న అడగలేదు, తిట్టాను."

"నీ అడగడానికీ తిట్టడానికీ తేడా నాకెప్పుడు తెలిసింది గనక" అని నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

అప్పుడే ఫోను మోగింది. తనకి పై స్కేలు ఇవ్వనన్నందుకు ఈవెట్ పెట్టిన అప్పీలుని యూనియన్ తరఫున చూస్తున్న బెర్నీ. ఐర్లండు ఆవిడ, మాట తుపాకి గుండులా వస్తుంది. ఆ మాటలు వంటింట్లో అందరికీ వినపడ్డాయి.

"ఈవెట్, సాయంత్రం అప్పీలు కమిటీ ముందు పెట్టే నివేదిక రాత్రి మార్చారు. విను. ఇన్నేళ్లలో తెల్లవాళ్లు ఇరవై ఇద్దరు దరఖాస్తు పెట్టారు, ఇరవై మందికి పై స్కేలు వచ్చింది. అది అలాగే ఉంది. నల్లవాళ్లు ఒకరు పెట్టారు, ఎవరికీ రాలేదు అని ఉండేది గదా. ఇప్పుడు ఇద్దరు పెట్టారు, ఒకరికి వచ్చింది అని ఉంది. ఎవరమ్మా ఆ రెండో మనిషి? సున్నా చూపించి నిలదీద్దామనుకున్నాం. ఇప్పుడు వాళ్లు సగం చూపిస్తారు."

"నాకు తెలుసు" అని ఈవెట్ ఫోను పెట్టేసింది.

కిటికీ మీద నవంబరు వాన పడుతోంది. క్లైవ్ నములుతున్నది మింగి, నెమ్మదిగా అడిగాడు.

"ఆ రెండో మనిషిని నేను. అంతేనా?"

"అంతే."

"నాకు రెండేళ్ల కిందట పై స్కేలు వచ్చింది కాబట్టి..."

"నువ్వు నల్లవాడివని రాసిన క్షణం నుంచీ, ఈ బడి నల్లవాళ్లకి పై స్కేలు ఇచ్చిన బడి అయిపోయింది. ఇక నాకు రాకపోతే అది నా చేతకానితనం."

ఈనిడ్ మెల్లిగా కూర్చుంది. "అంటే, నా కొడుక్కి మంచి జరగడం నీకు అడ్డమొచ్చిందా?"

"అలా కాదమ్మా."

"మరెలా? అర్థమయ్యేలా చెప్పు. నేను ఆస్పత్రిలో వార్డులు తుడిచి బతికినదాన్ని, మీ లెక్కలు నాకు తెలియవు."

ఈవెట్ మొగుడి వైపే చూస్తూ అంది: "వెనక్కి తీసుకో. జీన్ ఎనిమిదికి వస్తుంది. పొరపాటున ఇచ్చానని చెప్పు."

"ఏమిటి పొరపాటు?"

"ఏదో ఒకటి. సాయంత్రం దాకా చాలు."

"సాయంత్రం దాకా నేను నల్లవాణ్ణి కాకుండా ఉండాలా?"

ఈవెట్ జావ గిన్నె పక్కకి నెట్టింది.

"ఇరవై రెండేళ్లు, ఈవెట్. ఆ గడిలో టిక్కు పెట్టడానికి నాకు పావుగంట పట్టింది. జీన్ చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. నీకోసం పెట్టాను. ఇప్పుడు చెరిపెయ్యమంటున్నావు."

"నీ కాగితం ఖాళీగా ఉంటేనే నా కేసు నిలుస్తుందని, జూన్‌లో నా దరఖాస్తు కాదన్నప్పుడే నాకు తెలుసు. లెక్కల టీచర్ని, ఆ మాత్రం కూడిక రాదా? నీతో చెప్పడానికే నోరు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"ఏమని చెప్పను? అందర్నీ లెక్కలోకి రమ్మని పీడించినదాన్ని. నువ్వు మాత్రం రావద్దని చెప్పనా?"

"చెప్పాల్సింది. నేను ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడం నాకు బాగా వచ్చు."

ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ నాలుగు రోజులుగా ఆమెకి సరిగా నిద్రలేదు. సాయంత్రం తను మాట్లాడాల్సిన ప్రతి మాటా ఇప్పుడు పనికిరాకుండా పోయింది. ఆ కోపం పోవడానికి ఇంకో చోటు లేక అతని మీదికే పోయింది.

"అసలు నీకు వాళ్లు ఎందుకిచ్చారో ఎప్పుడైనా ఆలోచించావా?"

"బాగా పని చేశాను గనక."

"నేను చెయ్యలేదా?"

"నేనా మాట అనలేదు."

"పదహారేళ్లుగా చివరి సెక్షన్ నాకే ఇస్తున్నారు. ఎవరూ తీసుకోని పిల్లలు. పోయినేడు ఇరవై ఎనిమిది మందిలో పంతొమ్మిది మంది గట్టెక్కారు. అయినా హెడ్‌మాస్టర్ హాల్‌ఫర్డ్ ఏం రాశాడు? 'తోటివారితో ఆమె మాట తీరు కరుకు' అని రాశాడు. నువ్వేం చేశావు? గేటు దగ్గర నిలబడ్డావు. రోజూ పొద్దునా సాయంత్రం, వానలో, చలిలో. మన రంగు పిల్లల్ని గోడవైపు నిలబెట్టి సంచులు వెతికావు."

"ఈవెట్" అంది ఈనిడ్. అంత మెల్లిగా ఆమె ఎప్పుడూ మాట్లాడదు.

క్లైవ్ లేచాడు. కప్పు కడిగి బోర్లించాడు. తడి చేతులు ట్రాక్ సూట్‌కి తుడుచుకుని, తల్లి నుదుట ముద్దు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ రోజూ ఒకే కారులో వెళతారు. ఆ రోజు కారు తాళాలు బల్ల మీదే ఉన్నాయి.

"వాడికి పందొమ్మిదేళ్లప్పుడు వాడి జేబులు ఎవరు వెతికారో నీకు తెలుసు. తెలిసీ అన్నావు" అంది ఈనిడ్.

"తెలిసే అన్నాను" అని ఈవెట్ బల్ల మీద తలపెట్టి ఏడ్చింది.

*

బడిలో పగలంతా అతను కనపడలేదు. జీన్ దగ్గరికి వెళ్లి కాగితం వెనక్కి తీసుకున్నాడా అని ఈవెట్ అడగబోయి, ఆఫీసు తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చింది. అడగడానికి ఆమెకే మొహం చెల్లలేదు.

మూడున్నరకి బెర్నీ తడిసిన కోటుతో వచ్చింది. ఈవెట్ మధ్యాహ్నం ఫోనులో ఆమెకి అంతా చెప్పింది. "మీ ఆయన కాగితం వెనక్కి తీసుకోలేదు. ఇద్దరు, ఒకరు. అలాగే ఉంది. నేనయినా తీసుకోను. నువ్వు మాత్రం ఆ అంకెల జోలికి వెళ్లకు. నీ పిల్లల ఫలితాల గురించే మాట్లాడు."

"ఫలితాలు వాళ్ల దగ్గర ముందునుంచీ ఉన్నాయి. చూసే కాదన్నారు."

"మళ్లీ చూపిద్దాం. లేదంటే రెండేళ్లాగి మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చు."

"లేదు బెర్నీ. ఇది పోతే నేను ఈ బడిలో ఉండలేను. నేను చెప్పిన పాఠం చాలదని వాళ్లు రాసి సంతకం పెట్టాక, పొద్దున్నే లేచి ఆ పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాను? వాళ్లకీ ఇంతే చెబుతుంటారు గదా, మీరు చేసింది చాలదని. చాలుతుందని చెప్పేదాన్ని నేనొక్కదాన్నే."

బెర్నీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మేడమీద లైబ్రరీలో ముగ్గురు పాలకవర్గ సభ్యులు కూర్చున్నారు. మధ్యలో ఛైర్‌పర్సన్ మిసెస్ ప్రిచర్డ్. పక్కన మినిట్స్ రాసే గుమాస్తా. ఎదురుగా హాల్‌ఫర్డ్, బిస్కెట్ల పళ్లెం అందరివైపూ జరుపుతూ. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. గొంతు పెంచే మనిషయితే ఈవెట్‌కి పని సులువయ్యేది.

ఆమె ఫలితాల గురించి చెప్పింది. పదిహేను నిమిషాలు బాగానే చెప్పింది. మిసెస్ ప్రిచర్డ్ శ్రద్ధగా విని, తల ఊపి, నివేదిక తిప్పింది.

"మీ అప్పీలులో జాతి వివక్ష అన్న మాట ఉంది, మిసెస్ పిన్నక్. ఈ అంకెలు చూస్తే నాకు అలా కనపడడం లేదు. ఇద్దరిలో ఒకరికి వచ్చింది."

"ఇద్దరి లెక్కతో ఏదీ తేల్చలేం" అంది బెర్నీ.

"నేనూ అదే అంటాను" అన్నాడు హాల్‌ఫర్డ్ మెత్తగా. "వివక్ష ఉందనీ తేల్చలేం. నిజానికి ఆ వచ్చిన ఒకరు..."

"పేర్లు బయటపెట్టకూడదు. నివేదిక నియమం అది" అంది బెర్నీ.

"ఉన్నదే ఇద్దరయితే పేరు చెప్పే పనేముందండీ? మిస్టర్ పిన్నక్ కింద ఉన్నారు. ఈ బడి తనని ఎలా చూసిందో ఆయన్నే అడగండి. నాకేమీ అభ్యంతరం లేదు."

పిలిపించారు. క్లైవ్ లోపలికి వచ్చాడు. మెడలో ఈల వేలాడుతోంది, బూట్లకి మైదానం బురద. భార్య పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"మిస్టర్ పిన్నక్, ఒక్కటే ప్రశ్న" అంది మిసెస్ ప్రిచర్డ్. "పై స్కేలు విషయంలో ఈ బడి మిమ్మల్ని న్యాయంగా చూసిందా?"

న్యాయంగానే చూసిందంటాడని ఈవెట్ అనుకుంది. పొద్దున తను అన్నదానికి ఆ మాత్రం అనే హక్కు అతనికి ఉందని కూడా అనుకుంది.

"ఏ ఏడాది గురించి అడుగుతున్నారు?" అన్నాడు క్లైవ్.

"అర్థం కాలేదు."

"నేను రెండుసార్లు పెట్టాను. మొదటి ఏడాది కాదన్నారు. మీ కాగితంలో మనిషికి ఒక్కసారే లెక్క, చివరికి ఏమైందో అదే ఉంటుంది. అందుకని మీకు కనపడదు."

ఈవెట్ తల ఎత్తింది. ఈ సంగతి ఆమెకి తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"కాదన్న మర్నాడు మిస్టర్ హాల్‌ఫర్డ్ నన్ను గదికి పిలిచారు. టీ ఇచ్చారు. నల్ల కుర్రాళ్లు నీ మాట వింటారు, గేటు దగ్గర డ్యూటీ తీసుకో, వచ్చేసారి చూద్దాం అన్నారు. తీసుకున్నాను. వచ్చేసారి ఇచ్చారు. ఇరవై మంది తెల్లవాళ్లలో ఎవర్నయినా గేటు దగ్గర నిలబెట్టారేమో ఆయన్నే అడగండి."

హాల్‌ఫర్డ్ మొహంలో రంగు మారింది. గొంతు మారలేదు. "నాకలాంటి సంభాషణ గుర్తులేదు. గేటు డ్యూటీకి ఆయనే ముందుకొచ్చారు."

"మొదటిసారి కాదన్న కాగితం ఉందా, మిస్టర్ పిన్నక్?" అంది ఛైర్‌పర్సన్.

"చించేశాను. ఇంట్లో చూపించుకునే కాగితం కాదది."

"ఆఫీసు ఫైల్లో?"

గుమాస్తా ఫైలు తిరగేసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మిసెస్ ప్రిచర్డ్ కళ్లద్దాలు తీసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. చెడ్డ పని కూడా పద్ధతి ప్రకారమే చెయ్యాలనుకునే మనిషి.

"మిసెస్ పిన్నక్, అప్పీలు మీది, కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. మీ భర్త చెప్పినదాన్ని మీ సాక్ష్యంగా తీసుకుంటే మినిట్స్‌లో రాస్తాం. రాస్తే, ఆయనకి పై స్కేలు సరైన కారణంతో ఇచ్చారా లేదా అన్నది కూడా ఈ కమిటీ తిరిగి చూడాలి. అది ఆయన పోగొట్టుకోవచ్చు. హెడ్‌మాస్టర్ మీద ఆధారం లేని ఆరోపణ చేశారన్న విచారణ కూడా రావచ్చు. అక్కరలేదంటే, ఆయన ఈ గదిలోకి రానట్టే భావిస్తాను. రాయమంటారా?"

గుమాస్తా కలం పట్టుకుని చూస్తోంది. బెర్నీ బల్ల కింద ఈవెట్ మోకాలు మీద చెయ్యి వేసింది, కాస్త ఆగమన్నట్టు. కానీ ఆగితే మళ్లీ మాట రాదని ఈవెట్‌కి తెలుసు. పదహారేళ్ల చివరి సెక్షన్లు, వానలో గేటు దగ్గర నిలబడ్డ మనిషి, అతన్ని అక్కడ నిలబెట్టి టీ ఇచ్చిన ఈ పెద్దమనిషి, అన్నీ కలిసి ఆమెని ముందుకి తోశాయి.

"రాసుకోండి" అంది.

"సరే. ఇద్దరూ కాసేపు బయట కూర్చోండి."

*

వరండాలో పిల్లల బొమ్మలు అంటించిన గోడ పక్కన ఇద్దరూ నిలబడ్డారు. కింద ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు.

"మొదటిసారి రాలేదని నాతో ఎందుకు చెప్పలేదు?" అంది ఈవెట్.

"నువ్వు యుద్ధం చేసేదానివి. అప్పుడు నాకు కావలసింది యుద్ధం కాదు. ఎవరైనా పక్కన ఊరికే కూర్చోవడం."

"పొద్దున అన్నమాట..."

"నిజమే అన్నావు. అందుకే వచ్చి చెప్పాను. దానికి నాకేం బాధ లేదు." అతను మెడలోంచి ఈల తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. "ఇంకోదానికి ఉంది. ఆవిడ అడిగినప్పుడు, రాసుకోండి అనే ముందు ఒక్కసారి నావైపు చూస్తావనుకున్నాను. నేనూ సరే అనేవాణ్ణే. చూస్తావని నిలబడి ఉన్నాను."

ఈవెట్‌కి ఏడుపు రాలేదు. వస్తే తేలికయ్యేది.

"చూస్తే అనగలిగేదాన్ని కాదు" అంది.

అతను ఈలని జేబులో వేసుకున్నాడు. తరవాత మెట్లవైపు నడిచాడు. పిలుద్దామని ఆమె నోరు తెరిచేలోగా వెనక తలుపు తెరుచుకుంది.

"మిసెస్ పిన్నక్, లోపలికి రమ్మంటున్నారు" అంది గుమాస్తా. తరవాత మెట్లు దిగుతున్న క్లైవ్ వీపు చూసి, గొంతు తగ్గించింది. "మీరొక్కరే."